ముడులన్నీ మా వైపే

మా ఆయనకు పాతదాన్ని పారేయడానికి చెయ్యి రాదు, కొత్తది తేవడానికి మనసు రాదు. చెప్పు తెగితే కుట్టించుకునేవాడు. ఆ కుట్టు ఊడితే తాడు కట్టుకునేవాడు. తాడు కూడా తెగితే చెప్పును చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, "జర ఆగి సూద్దాం తియ్" అని చూరులో దోపేవాడు. అలాంటి మనిషి చేతికి చిక్కింది మా పెరటి దడి, అదీ మనుషులకే దిక్కులేని రోజుల్లో. దాన్ని బాగుచేయాలా, పీకేసి కొత్తది కట్టాలా అన్న మాట తేలక ఒక వానాకాలమంతా మేం నలిగిపోయాం. ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు. ఇప్పుడు తిట్టడానికి ఆయన లేడు కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్పగలుగుతున్నాను.

సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బాటకు కాస్త లోపలగా ఉండేది మా ఊరు. నాది మిర్యాలగూడ వైపు. నేను కోడలిగా వచ్చేనాటికే మా మామ లేడు. అన్నదమ్ములిద్దరూ ఉన్న ఒక్క ఇంటినే పంచుకుని మధ్యలో గోడ లేపుకున్నారు. వెనక పెరడును పంచుకుని మధ్యలో దడి కట్టుకున్నారు. ఆ పక్క మా బావ, ఆయన భార్య. తోటికోడలిని మేం యారాలు అంటాం. ఈ పక్క మా అత్త, మా ఆయన, నేను. అత్త చిన్నకొడుకు దగ్గర ఉండేది గానీ మనసు పెద్దకొడుకు దగ్గర ఉండేది. ఆ సంగతి ఆమే దాచుకోలేదు, నేనెందుకు దాచాలి?

దడి అంటే తుమ్మ గుంజలు పాతి, వాటి నడుమ కందికట్టె ఒత్తుగా నిలబెట్టి, అడ్డంగా తాటిమట్టలు పెట్టి నారతో బిగించడం. గుంజలు పాతేది మగవాళ్లు. కట్టు కట్టేది మా ఇంట్లో ఆడవాళ్లు. ఆ పని ఒక్క మనిషితో అయ్యేది కాదు. దడికి ఇటొకరు అటొకరు కూర్చోవాలి. మొన చెక్కిన వెదురుపుల్లకు వెనక బెజ్జం పెట్టి, నానబెట్టిన తాటినార ఎక్కించి, ఈ పక్క మనిషి కట్టె సందులోంచి గుచ్చాలి. ఆ పక్క మనిషి అందుకుని లాగి, మట్ట మీదుగా తిప్పి మళ్లీ ఇటు గుచ్చాలి. ఒక వరుస ముడి ఇటు వేస్తే, పై వరుస ముడి అటు వేయాలి. పొత్తు దడికి అదే గుర్తు. ముడులన్నీ ఒకే పక్క ఉన్నాయంటే ఆ దడి ఆ ఇంటిది, దాని కింది నేలా ఆ ఇంటిదే. మా ఊళ్లో హద్దు తగాదా వస్తే పెద్దమనుషులు ముందు దడి దగ్గరికి వెళ్లి ముడులు తడిమి చూసేవాళ్లు.

నేను కాపురానికొచ్చిన ఏడే దడి మార్చాల్సి వచ్చింది. అప్పటిదాకా యారాలిని నేను సరిగా చూసిందే లేదు. కొత్త కోడలిని, తలెత్తితే అత్త దగ్గేది. దడి కట్టడం మొదలుపెట్టాక కట్టె అవతలి నుంచి ఆమె గొంతు వినిపించింది. ఆమెది కోదాడకు అవతల, సరిహద్దు పక్కన. మాట మాలాగ ఉండదు. సరిహద్దు దాటితే ఇంగ్లీషువాళ్ల ఇలాకా, మా అత్త దాన్ని కుంపిణీ అనేది. "దాని మాట సూడు, కుంపిణీ దొరసాని లెక్క" అని మూతి తిప్పేది.

"పుల్ల అందిందా చెల్లే?" అంది ఆ గొంతు.

"అందింది అక్కా."

"అయితే లాగు. మా మరిదిని లాగినట్టు కాదు, గట్టిగా లాగాలి."

నాకు నవ్వాగలేదు. పుల్ల చేతిలోంచి జారిపోయింది. అత్త అరుగు మీద నుంచి దగ్గింది. ఆ పూటంతా ఒకరి మొహం ఒకరికి కనపడకుండానే ఎన్ని మాట్లాడుకున్నామో చెప్పలేను. మొహం కనపడకపోతే కొత్త ఉండదు. బావి దగ్గరికి వచ్చేసరికి ఆమె, "ఇక్కడ ఆపు చెల్లే, ఇక్కడ కట్టొద్దు, ఇది మనకి" అంది. మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు వదిలాం. మగవాళ్లు చూసి ఏమీ అనలేదు. దాన్ని మేం కంత అనేవాళ్లం.

ఇక ఆ కంతలోంచి ఏం పోలేదు, ఏం రాలేదు! పొద్దున్నే పిడక మీద నిప్పు. పుంటికూర, పుల్ల మజ్జిగ, ఉప్పు. నా అలకలు అటు, ఆమె సుద్దులు ఇటు. నాకు మొదటి కడుపు పోయినప్పుడు మా అమ్మ మిర్యాలగూడ నుంచి వచ్చేలోగా ఆ కంతలోంచి వచ్చి నన్ను ఒళ్లో పడుకోబెట్టుకున్నది యారాలే. ఆమెకూ పిల్లల్లేరు. "మనిద్దరికీ ఒక్క బిడ్డ పుట్టినా చాలు, ఇటూ అటూ తిరుగుతూ పెరుగుతుంది" అనేది. తోడబుట్టినవాళ్లు నాకున్నారు గానీ, ఆమెంత దగ్గర ఎవరూ కాలేదు.

మా బావది దురుసు నోరు. నేను మొదట చెప్పిన ఆ వానాకాలానికి ముందటి వేసవిలో, సర్కారుకు లెవీ ధాన్యం కొలిచే దగ్గర, కొలిపించే అధికారి గిర్దావరు ఎదుట ఏదో అన్నాడు. ఏమన్నాడో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. ఆ తర్వాత చావడి నుంచి ఎవరో వచ్చి, నీ పేరు రాసుకున్నారు, ఊళ్లో ఉండకు అని చెప్పిపోయారు. అప్పటికే చుట్టుపక్కల ఎన్నో ఇళ్లు తాళాలు వేసుకుని సరిహద్దు దాటాయి. మా వాళ్లు పట్టపగలే బండి కట్టారు. పెళ్లికి పోతున్నట్టు కనపడాలని యారాలు పట్టుచీర కట్టుకుంది, పసుపు రాసుకుంది. కంతలోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంటే ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"చిక్కుడు పెట్టు చెల్లే. దడి మీద నా వైపు కూడా పాకించు. కాయ కోతకొచ్చేసరికి నేను వచ్చేస్తాను."

బావ వాళ్లమ్మ దగ్గరికి వచ్చాడు. "అవ్వా, నా వాకిట్ల ఎవల్ని కాలు పెట్టనియ్యకు. ఊళ్ల తాళం పడ్డ ఇండ్లు ఏమైతున్నయో చూస్తనే ఉన్నవ్."

అత్త లేచి కొడుకు తల మీద చెయ్యి పెట్టింది. "నీ వాకిట్ల నా కాలు గూడ పెట్ట బిడ్డా. నీ తల మీద ఒట్టు."

కొడుకు తల మీద వేసిన ఒట్టు. ప్రాణం పోయినా దాన్ని తప్పే మనిషి కాదు మా అత్త. మా అందరి కాళ్లకూ ఆ మాట బంధమైపోయింది.

వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకు తుపాకులవాళ్లు బావ కోసం వచ్చారు. ఇల్లంతా చిందరవందర చేసి, మనిషి దొరకలేదన్న కోపంతో పెరట్లోకి వచ్చి, దడిని తన్నుకుంటూ మా వైపు దూరారు. పక్కనే కంత ఉంది. దారి ఉన్నచోట నుంచి వస్తే వాళ్ల పెద్దరికం ఏం కాను? మా ఆయన్ని గుంజకు ఆనించి ఏవేవో అడిగారు. ఆయన తెలియదన్నాడు, నిజంగానే తెలియదు. కొట్టి వెళ్లిపోయారు. దడి నడుమంతా నేలకు ఒరిగింది. గుంజలు విరిగాయి, చెదలు పట్టిన కట్టె పొడిపొడి అయింది.

ఇక్కడి నుంచే మా పంచాయితీ మొదలైంది. ఒక పక్కవాళ్లు లేనప్పుడు పొత్తు దడిని పీకకూడదు. పీకి కొత్తది కట్టాలంటే రెండు ఇళ్లవాళ్లూ నిలబడాలి, ఈ చివర నుంచి ఆ చివరకు తాడు పట్టి గుంజలు దింపాలి. లేనివాళ్ల వెనక గుంజ పీకడమంటే హద్దు జరపడమే, ఊరు ఒప్పుకోదు. ఉన్నదాన్ని బాగుచేసుకోవడానికి మాత్రం ఎవరూ అడ్డురారు.

"దీన్ల బాగుచెయ్యనీకి ఏమున్నదయ్యా? ముట్టుకుంటె రాలుతున్నది. పీకి కట్టు" అన్నాను నేను.

"అన్న లేనిది గుంజెట్ల పీకాలె? రేపు ఆయినొచ్చి నన్నేమనుకుంటడు?"

"మేకలొచ్చి మడిల పడితె ఆయినొచ్చి కూరగాయలిస్తడా?"

"జర ఆగి సూద్దాం."

నా బాధ నాది. ధాన్యంలో లెవీకి పోయింది పోగా, వచ్చినవాళ్లు అడిగి తీసుకున్నది పోగా, అడక్కుండా తీసుకున్నది పోగా గుమ్మిలో అడుగు కనపడుతోంది. జొన్న గటకలోకి ఇంత పుంటికూరో వంకాయో ఆ పెరట్లోంచి రావాల్సిందే. బావ వాకిలి తడక విరిగిపోయి ఉంది. ఊళ్లో మేకలన్నీ అందులోంచి ఆ పెరట్లోకి, ఆ పెరట్లోంచి మా మడుల్లోకి. మేకలకు మా అత్త ఒట్టు వర్తించదు కదా.

ఒకసారి మా ఆయన ఉప్పుకని సూర్యాపేట వెళ్లి కొత్త ఆలోచనతో వచ్చాడు. మఠంపల్లి వైపు నుంచి బండల బండ్లు వస్తున్నాయట. మనిషి నడుమెత్తు బండలు వరసగా పాతేస్తే ఇక జన్మలో దడి గొడవ ఉండదట. ఆయన నోట కొత్తది అన్న మాట రావడం అదే మొదటిసారి, నేను నోరు తెరిచి వింటున్నాను. అత్త అరుగు మీద నుంచి అంది:

"బండలెందుకురా? మీ అన్నకు సమాధి కడుతున్నవా?"

మా ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. బండల మాట మళ్లీ ఎత్తలేదు. నాకు ఆ క్షణాన అత్త మీద కోపం రాలేదు, ఆయన మీదా రాలేదు. బండకు ముడి ఉండదు, కంత ఉండదు. వాళ్లు రారని మేం ఒప్పుకున్నట్టే అవుతుందని ముగ్గురికీ తెలుసు.

అలా బాగుచేయడమే ఖాయమైంది. ఏ గుంజ పూర్తిగా విరిగితే ఆ గుంజ ఒక్కటే మార్చేవాడు. ఏ జానెడు కట్టె రాలితే ఆ జానెడే కొత్తది దోపేవాడు. ఈ వారం ఒక చోట కడితే వచ్చే వారం మేక ఇంకో చోట దూరేది. ఆ పక్క కాలు పెట్టకూడదు కాబట్టి గుంజను మా వైపు నుంచే దింపేవాడు, మట్టిని మా వైపు నుంచే తొక్కేవాడు. ఇటు నుంచి తొక్కితే గుంజ అటు వాలుతుంది. వాలిందని మాకు అప్పుడు కనపడలేదు. రోజూ చూసేదాంట్లో ఏం కనపడుతుంది?

కట్టు నా పని. పుల్ల అవతలికి గుచ్చితే అందుకునేవాళ్లు లేరు. మొదటిసారి అలవాటుగా గుచ్చేసి, "అందిందా అక్కా" అన్నాను. నార అటు వేలాడుతూ ఉండిపోయింది. అరుగు మీద ఉన్న అత్త లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. తర్వాత సందులోంచి చెయ్యి పెట్టి, గీరుకుపోతుంటే గీరుకోనిచ్చి, నారను తడుముకుని వెనక్కి లాక్కోవడం నేర్చుకున్నాను. అటు ముడి వేయడానికి చెయ్యి తిరగదు. అందుకని ముడి ఇటే వేశాను. ప్రతిసారీ ఇటే వేశాను.

మిగిలింది కంత. దడి గట్టిపడేకొద్దీ మేకలు కంత వెతుక్కున్నాయి. "గా కంత మూసెయ్యే" అన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. అది ఆమె వదిలిన సందు, ఆమె రాకుండా మూయడానికి నేనెవర్ని? చివరికి ఒక పెద్ద రేగు కంప తెచ్చి కంతకు అడ్డంగా పెట్టాను. కంప అయితే మూసినట్టు కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు జరుపుకోవచ్చు. కంపను మొదలు పట్టుకుని జరుపుతాం. మొదలు మా వైపు పెట్టుకున్నాను. ఇటున్నదాన్ని నేను, ఇంకెటు పెట్టుకుంటాను?

చిక్కుడు మాత్రం ఆమె చెప్పినట్టే పాకింది. సగం తీగ మా వైపు, సగం ఆమె వైపు. మా వైపు కాసినవి కోసుకున్నాం. ఆమె వైపు గుత్తులు గుత్తులుగా కాశాయి. సందులోంచి కనపడేవి, చెయ్యి అందేది కాదు. ముదిరి, పసుపెక్కి, ఎండి, గింజలు గలగలమనేవి. తినడానికి లేని ఇంట్లో ఆ చప్పుడు వింటూ కూర్చోవాలి. అత్తను ఒక్కసారి అడిగాను, పోయి కోసుకొస్తానని. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి.

కోదాడ నుంచి వచ్చినవాళ్లను అడిగితే తలో మాట చెప్పేవాళ్లు. సరిహద్దు అవతల పాకల్లో ఉన్నారని ఒకరు, జ్వరాలతో మంచాన పడ్డారని ఒకరు, అసలు చూడలేదని ఒకరు. గట్టిగా అడగడానికి భయం. ఎవరి కోసం అడుగుతున్నావు, ఎందుకు అడుగుతున్నావు అంటే ఏం చెప్పాలి? మేం చేయగలిగింది దడి బాగుచేయడం ఒక్కటే, అదే చేశాం.

వానలు వెనకబడ్డాక బాట మీద మిలిటరీ లారీలు వచ్చాయి. రాజ్యం మారిందన్నారు. వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలైంది. రోజూ ఎదురుచూశాం. చివరికి వాళ్లు వచ్చిన రోజు మా ఆయనా నేనూ చేలో కలుపు తీస్తున్నాం. అత్త ఊరి చివర చుట్టాలింట్లో చావు పలకరింపుకు వెళ్లింది. చీకటి పడే వేళకు ఇంటికొస్తుంటే బావ ఇంటి కప్పులోంచి పొగ లేస్తోంది. చేతిలో తట్ట వాకిట్లోనే పడేసి పెరట్లోకి పరుగెత్తాను. కంప లాగి పక్కన పడేసి, ఒట్టూ గిట్టూ మరిచిపోయి అటు దూరాను.

యారాలు పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. సగమైపోయింది మనిషి. నన్ను చూసి లేచింది, నవ్వింది కూడా. "వచ్చినవా అక్కా" అని కావలించుకుంటే నా వీపు నిమిరింది. చేతులు చూశాను. మోచేతుల దాకా గీతలు, రక్తం ఇంకా ఆరలేదు.

"ఏంది అక్కా గీ చేతులు?"

"కంప గీసుకుందిలే."

ఏ కంప అని అడగబోయి ఆగాను. పొయ్యిలోకి చూశాను. "నిప్పెక్కడిది?"

"గాండ్లవాళ్లింట్లో తెచ్చుకున్నాను. ముందు నీ దగ్గరికే వచ్చా చెల్లే. పిలిచాను, ఎవరూ పలకలేదు. దారి లేదు."

ఇన్ని నెలల తర్వాత ఇంటికొచ్చి, చల్లారిన పొయ్యి చూసుకుని, మొదట చేసిన పని పిడక పట్టుకుని కంత దగ్గరికి రావడం. ఎదురుగా కొమ్మలు, ముళ్లు. అటు నుంచి ఆ కంపను జరపడం ఎవరి తరమూ కాదు. మేకల కోసం పెట్టానని చెప్పాను. మూయలేదు, అడ్డం పెట్టానంతే అని చెప్పాను. మొదలు ఇటు పెట్టుకోక ఎటు పెట్టుకోనని అడిగాను. "నాకు తెలుసులే చెల్లే" అంది. ఆ "లే"తో మాట ముగించేసింది. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనను. కానీ పక్కింట్లో నేనుండగా ఆమె నిప్పు కోసం ఇంకో గడప ఎక్కింది.

తెల్లారి బావ పెరట్లోకి వచ్చి దడి పొడవునా నడిచాడు. అక్కడక్కడా ఆగి చేత్తో తడిమాడు. మేం ఇటు నుంచి చూస్తున్నాం. ఆయన వైపు ఒక్క ముడి లేదు. పాత గుంజ ఒక్కటి లేదు, పాత కట్టె పిడికెడు లేదు. గుంజలన్నీ ఆయన నేల మీదికి వాలి, దడి నడుమ అటు పొడుచుకుని ఉంది. ఆయన నడుస్తుంటే అప్పుడు కనపడింది మాకు. పీకకూడదు, హద్దు జరపకూడదు అని అంత జాగ్రత్తపడి, కొంచెం కొంచెంగా బాగుచేస్తూ మొత్తం దడిని మార్చేశాం, హద్దు జరిపేశాం. ఒకేసారి పీకి కట్టినా ఇంత అన్యాయంగా ఉండేది కాదు.

"పీకలె అన్నా. ఇరిగిన కాడ బాగుచేసిన, గంతె" అన్నాడు మా ఆయన.

"అవ్ రా, కనపడుతనే ఉన్నది. మంచిగనే చేసినవ్."

తిట్టినా బాగుండేది. ఆ దురుసు నోటి మనిషి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. బావ ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు నాకు లేదు. ఉంటే చెప్పేదాన్ని, ముడులు ఇటెందుకు పడ్డాయో, నా చేతులు ఎన్నిసార్లు గీరుకున్నాయో. ఊళ్లోవాళ్లకు చెప్పాల్సిన పనే లేదు, వాళ్లే చూసుకుపోయారు. అన్న లేని యాళ్ల తమ్ముడు హద్దు జరిపిండన్న మాట బావి దగ్గర నా చెవినే పడింది. మా ఆయన ఆ రోజుల్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. తిట్టడం మానేశాను.

పీకి కట్టుకుందాం రమ్మని మా ఆయన అడిగితే బావ, "ఉండనియ్, ఇప్పుడేం తొందర" అనేవాడు. యారాలు రావడం మానలేదు గానీ, కంతలోంచి కాకుండా వాకిలి నుంచి పిలిచి వచ్చేది. నేను వెళ్తే పీట వేసేది. మా ఇద్దరి మధ్యా పీటలు ఎప్పుడున్నాయి?

చివరికి కంది కోతలైనాక అత్తే తెగించింది. "పీకుండ్రి. నేను కండ్లతోని సూస్తుండంగనె తాడు పట్టి కట్టుండ్రి" అంది. ఇద్దరు కొడుకులూ పలుగులు పట్టుకొచ్చారు. దడి మొత్తం పీకారు. పెరడు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కటైపోయి ఒక పూట అలాగే ఉంది. నాకు ఆ పూట గుండె తేలికైంది, ఇలాగే వదిలేస్తే ఎంత బాగుండు అనిపించింది. అనిపిస్తే ఏం, అనేదెవరు? మర్నాడు తాడు పట్టి గుంజలు దింపారు. వెంట్రుకవాసి తేడా రాలేదు.

కట్టు కట్టడానికి నేను ఇటు కూర్చున్నాను. అటు బావ కూలిమనిషిని పెట్టాడనుకున్నాను. పుల్ల గుచ్చాను. అటు గాజుల చప్పుడైంది. పుల్లను ఒక్క గుంజు గుంజి మట్ట మీదుగా తిప్పి ఇటు గుచ్చిన తీరు చూడగానే ఎవరో తెలిసిపోయింది. మాట్లాడుతుందని చూశాను, మాట్లాడలేదు. మొహం కనపడకపోతే కొత్త ఉండదనుకున్న చోటే కొత్తవాళ్లమయ్యాం. ఒక వరుస ముడి నేను, ఒక వరుస ముడి ఆమె. కొత్త కట్టె, కొత్త నార. మా ఆయన కందికట్టె నిలబెడుతూ ముందుకు జరుగుతుంటే, మేం కట్టుకుంటూ బావి దగ్గరికి వచ్చాం.

అక్కడ నా చెయ్యి నెమ్మదించింది. ఇప్పుడంటుంది, ఇక్కడ ఆపు చెల్లే అని. పెద్దది, దెబ్బతిన్నది, ఆమె అనాలి. నేనంటే, ఎందుకని అడిగితే ఏం చెప్పను? ముళ్లు పెట్టినదాన్ని నేను, నేనే అనాలని ఆమె కూర్చుందేమో. అటు గాజులు కదల్లేదు.

మా ఆయన కట్టె మోపు పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూశాడు, దడిని చూశాడు. "ఏమే, గీడ కట్టె నిలబెట్టాల్నా, ఆపాల్నా?" అన్నాడు చిన్నగా. అటు వినపడేంత దూరమే. ఏదో ఒకటి తేల్చవయ్యా అని జన్మంతా ఆయన్ని తిట్టిపోసినదాన్ని. ఆ రోజు ఆయన అడిగితే తల వంచుకుని పుల్లకు నార ఎక్కించుకుంటూ కూర్చున్నాను. ఆయన కంత ఉన్న చోటా కట్టె నిలబెట్టాడు.

పుల్ల గుచ్చాను. అటు అందుకుంది. చాలాసేపు లాగలేదు. నార నా వేళ్ల మధ్య బిగుసుకుని ఆగిపోయింది. అటు చివర ఆమె చేతిలో ఉందని తెలుస్తూనే ఉంది. తర్వాత పుల్ల తిరిగి వచ్చింది.

ఆ వరుస ముడి నా వంతు. వేశాను.